బొమ్మ కడుపులో ఆజ్ఞ

మా వేములవాడకు అంత దూరం కాని గంగాధర మండలంలో కురిక్యాల అనే గ్రామం ఉన్నది. ఆ గ్రామ సమీపాన ఉన్న బొమ్మలగుట్టను చూడని తెలుగు ఉపాధ్యాయుడు ఈ ప్రాంతంలో అరుదు. పదవ శతాబ్దిలో, వేములవాడ చాళుక్యుల కాలంలో, పంపకవి తమ్ముడైన జినవల్లభుడు అక్కడి బండ మీద జైనమూర్తులను చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం వేయించినాడు. అందులోని మూడు కందపద్యాలు తెలుగు పద్యం ప్రాచీనతకు సాక్ష్యంగా నిలిచినవి. పిల్లలను అక్కడికి తీసుకొని పోయినప్పుడు నేనొక మాట చెప్పేవాడను: “బొమ్మా అక్షరమూ ఒకే రాతి మీద ఉన్నవి. అయినా ఏది బొమ్మయో, ఏది అక్షరమో మీలో ఎవరికీ సందేహం రాదు చూడండి.”

ఆ మాటను నేనిప్పుడు సవరించుకోవలసి వచ్చినది. అంతర్జాలంలో ఒక జాతి బొమ్మలున్నవి. కంటికి అవి బొమ్మలే. లోపల మాత్రం ఆసాంతం అక్షరాలే. ఆ అక్షరాల నడుమ ఎవరైనా ఒక ఆజ్ఞను దాచిపెడితే, బొమ్మను చూడబోయినవాని పేరు మీద ఆ ఆజ్ఞ అమలు జరిగిపోతుంది. తెలుగు పండితునికి ఈ విషయంతో పని ఏమిటని మిత్రులు అడుగవచ్చు. నాకు ఎదురైన అనుభవాన్ని ముందు మనవి చేసుకుంటాను.

నా పూర్వవిద్యార్థి ఒకడు తాను చదివిన పాఠశాల కొరకు ఒక జాలస్థలిని తయారు చేస్తున్నాడు. పాత విద్యార్థులు తమ కాలపు వ్రాతపత్రికలను, ఛాయాచిత్రాలను, చేతితో గీసిన పటాలను అందులోకి ఎక్కించవచ్చు. వచ్చిన వాటిని చూసి, తప్పొప్పులు సరిచేసే పని నాకు అప్పగించినాడు. ఎవరేమి పంపినా ముందు నేను తెరిచి చూసి సరేనన్న తరువాతనే అది అందరికీ కనబడుతుంది. అనగా ఆ ఇంటి తాళపుచెవి నా చేతిలోనే ఉన్నది. ఒకనాడు పరిశీలనకు వచ్చిన వాటిలో ఒక తామరపువ్వు బొమ్మ కనిపించినది. పెద్దదిగా చూద్దామని దాని లంకెను నొక్కినాను. పువ్వు చక్కగా విచ్చుకున్నది. దానితో పాటు ఒక చిన్న గవాక్షం పైకి లేచి, నా లాగిన్ పేరును నాకే చూపించి, “నమస్కారం సార్, ఈ క్షణంలో నేనే మీరు” అన్నది.

ఆ బొమ్మను పంపినవాడు కూడా నా శిష్యుడే. జాలస్థలిని కట్టినవాని అనుమతితోనే పరీక్ష కొరకు అలా చేసినాడు, ఏ హానీ జరుగలేదు. కట్టినవాడు మాత్రం తల గోక్కుంటూ, “బొమ్మే కదా సార్, అనుకున్నాను” అన్నాడు. ఆ “బొమ్మే కదా” అన్న మాట మీదనే ఈ టపా. అది ఒక కుర్రవాని ఏమరుపాటుతో పోయే మాట కాదని, జాలస్థలులు కట్టే మనవాళ్లందరూ వదిలించుకోవలసిన భ్రమ అని నా అభిప్రాయం.

మనం రోజూ చూసే ఛాయాచిత్రాలు రంగు చుక్కల రాశులు. పెద్దవి చేస్తే చుక్కలు విడిపోయి అలుక్కుపోయినట్లు కనబడతవి. వెక్టరు బొమ్మ తీరు వేరు. మన భౌతికశాస్త్ర పుస్తకాలలో వెక్టరును సదిశ అన్నారు గనుక దీనిని సదిశ చిత్రం అనుకుందాము. ఇందులో చుక్కలు ఉండవు, సూచనలు ఉంటవి. ఈ బిందువు నుండి ఆ బిందువుకు గీత గీయుము, ఇక్కడ ఇంత వ్యాసార్ధంతో వృత్తం దించి ఎర్రరంగు నింపుము, ఈ చోట ఈ మాటను వ్రాయుము అని వరుసగా చెప్పుకుంటూ పోతుంది. విహారిణి, అనగా మన బ్రౌజరు, ఆ సూచనలను చదివి అప్పటికప్పుడు బొమ్మ గీస్తుంది. ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. జాలంలో ఈ పనికి స్థిరపడిన రూపం ఎస్వీజీ. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2001 సెప్టెంబరు 4న దాని మొదటి ప్రమాణాన్ని వెలువరించినది. నోట్‌ప్యాడులో తెరిస్తే ఆ ఫైలు ఒక చిన్న వ్యాసం వలె చదువుకోవచ్చు.

ఆ ప్రమాణంలోనే స్క్రిప్టుకు కూడా చోటు ఇచ్చినారు. బొమ్మ కదలాలి, నొక్కితే స్పందించాలి, పటం మీద జిల్లాను తాకితే దాని పేరు కనబడాలి అన్నది ఉద్దేశం. సదుద్దేశమే. అందుచేత ఎస్వీజీలో స్క్రిప్టు ఉండటం ఎవరో కన్నం వేసి ప్రవేశించడం వంటిది కాదు. అది సింహద్వారం గుండానే వస్తుంది. దానిని బొమ్మ అని పిలవడం దగ్గరనే మన పొరపాటు మొదలవుతున్నది. అది పత్రం. వెబ్ పేజీకి ఉన్న శక్తులలో చాలా భాగం దానికీ ఉన్నవి.

ఇక క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అనే పేరును గురించి రెండు మాటలు. ఈ పేరు 2000 సంవత్సరం ఆరంభంలో వాడుకలోకి వచ్చినది. ఆ ఏడు ఫిబ్రవరి 2న అమెరికాలోని సెర్ట్ సమన్వయ కేంద్రం దీనిని గురించి హెచ్చరిక ప్రకటించినది. సారం ఇంతే: ఒకడు వ్రాసిన ఆజ్ఞ మరొకరి జాలస్థలి నుండి వచ్చినట్లుగా చదువరి విహారిణిలో నడుస్తుంది. విహారిణి ఆ జాలస్థలిని నమ్మినది గనుక ఆ ఆజ్ఞనూ నమ్ముతుంది. 2005 అక్టోబరులో మైస్పేస్‌లో ఒక యువకుడు తన పరిచయపు పుటలో ఇటువంటి ఆజ్ఞను పెట్టినాడు. ఆ పుటను చూసినవారి పుటలోకి అది తనంతట తాను ప్రాకినది. ఒక్క దినం గడువక ముందే పది లక్షల మందికి పైగా అతనికి ‘మిత్రులు’ అయిపోయినారు. సామీ అనే పేరుతో ఆ పురుగు చరిత్రలో నిలిచిపోయినది.

మన వ్యాకరణ పాఠాలలో ఆగమం, ఆదేశం అని రెండు కార్యాలు చెప్పేవారము. ఆగమం మిత్రుని వలె వచ్చి ఉన్నవారి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువు వలె వచ్చి ఉన్నదానిని తొలగించి దాని పీఠం మీద తాను కూర్చుంటుంది. బొమ్మ వెంట వచ్చిన స్క్రిప్టు ఆగమం వలె కనిపించే ఆదేశం. నా లాగిన్ పేరును చూపించిన ఆ గవాక్షం వెనుక ఉన్న పంక్తి నా పీఠం మీద కూర్చున్నది.

ఒకే ఎస్వీజీ ఒక చోట నిరపాయంగానూ మరొక చోట ప్రమాదంగానూ ఎట్లా ఉంటుందన్నది చాలామంది తికమకపడే విషయం. దీనికి మన శాస్త్రకారుల పాత ఉదాహరణ ఒకటి సరిపోతుంది. భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి లేచినవాడు తెమ్మంటే గుర్రం తేవాలి. శబ్దం ఒకటే, ప్రకరణం అర్థాన్ని నిర్ణయిస్తుంది. అట్లే పేజీలో బొమ్మ కొరకు ఉన్న ఇమేజి ట్యాగు ద్వారా ఎస్వీజీని పిలిస్తే విహారిణి దానిని కేవలం బొమ్మగా గీస్తుంది. లోపలి స్క్రిప్టు నడువదు, అది బయటి వస్తువులను తెచ్చుకోలేదు. అదే ఫైలును నేరుగా దాని చిరునామాతో తెరిచినా, ఐఫ్రేములో గాని ఆబ్జెక్టు ట్యాగులో గాని పెట్టినా విహారిణి దానిని పత్రంగా భావిస్తుంది. అప్పుడు స్క్రిప్టు నడుస్తుంది, అదీ ఆ ఫైలును వడ్డించిన జాలస్థలి అధికారంతో. ఎస్వీజీ పాఠాన్ని తెచ్చి పేజీ పాఠంలోనే కలిపివేసినప్పుడు కూడా ప్రమాదమే. మా విషయంలో జరిగినది మొదటిది. జాబితాలో చిన్న బొమ్మగా ఉన్నంత సేపు అది ఉప్పు. నేను లంకె నొక్కగానే గుర్రమైనది.

ఆ గుర్రం ఎంత దూరం పోగలదు? నా విహారిణిలో ఆ జాలస్థలికి సంబంధించిన ప్రవేశపు గుర్తు, అనగా కుకీ, ఉన్నది. దానిని స్క్రిప్టులు చదువకుండా దాచే ఏర్పాటు ఒకటి ఉన్నది, మంచిదే. అయితే కుకీని చదువనక్కర లేకుండానే స్క్రిప్టు నా తరఫున విన్నపాలు పంపగలదు. విహారిణి వాటికి నా కుకీని తానే జతచేస్తుంది. ఫలానా వ్యాసాన్ని తొలగించు, ఫలానా వానికి నిర్వాహక హోదా ఇవ్వు, సభ్యుల చిరునామాలన్నీ చూపించు అని నేనే అడిగినట్లు ఉంటుంది. ముప్పై ఏండ్ల వ్రాతపత్రికలను ఒక్క బొమ్మ తుడిచివేయగలదు. తరువాత లెక్కలు తీస్తే అన్నింటి మీదా నా పేరే ఉంటుంది.

ఇదంతా ఊహాగానం కాదు. 2011లోనే జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సహచరులతో కలసి, సదిశ చిత్రాల లోని ప్రమాదాలను గురించి ఒక పరిశోధన పత్రాన్ని ప్రకటించినారు. పన్నెండేండ్ల తరువాత, 2023 అక్టోబరులో, రౌండ్‌క్యూబ్ అనే వెబ్‌మెయిలులో అటువంటి లోపాన్నే వింటర్ వివర్న్ అనే ముఠా వాడుకుంటున్నట్లు ఈసెట్ సంస్థ బయటపెట్టినది. యూరప్‌లోని ప్రభుత్వ కార్యాలయాలకు వచ్చిన ఉత్తరాలలో ఎస్వీజీ తునక ఒకటి ఉన్నది. గ్రహీత ఏ లంకెనూ నొక్కనక్కర లేదు, ఉత్తరాన్ని తెరిచి చూస్తే చాలు, అతని ఉత్తరాలు బయటికి పోయేవి. రౌండ్‌క్యూబ్ వారు కొద్ది దినాలలోనే సవరణ విడుదల చేసినారు. ఇందులో గమనించవలసినది మరొకటి ఉన్నది. ఆ వెబ్‌మెయిలులో వడపోత లేక కాదు. ఉన్న వడపోతను ఆ తునక దాటిపోయినది.

ఈ సంగతులు విన్న ఒక మిత్రుడు, “అయితే ఎస్వీజీలను పూర్తిగా నిషేధిస్తే పోలా!” అన్నాడు. బొత్తిగా అవసరం లేని చోట నిషేధమే ఉత్తమం, నేను కాదనను. వర్డ్‌ప్రెస్ కూడా అప్రమేయంగా ఎస్వీజీ ఎక్కింపును అనుమతించదు. ఆ అడ్డును తొలగించే ప్లగిన్లను ఆలోచించకుండా తగిలించుకునే మనవాళ్లు కొంచెం ఆగాలి. కాని ఎల్లెడలా నిషేధం అంటే తెలుగువాడుగా నేను అంగీకరించలేను.

కారణం మన గతమే. ఒకప్పుడు తెలుగును జాలంలో చూపించడానికి అక్షరాలను బొమ్మలుగా మార్చి పెట్టేవారము. కనబడేవి గాని వెదికితే దొరికేవి కావు; నకలు తీసుకోవడానికి, సరిదిద్దడానికి వీలుండేది కాదు. యూనికోడు వచ్చి మన అక్షరాన్ని మళ్లీ అక్షరంగా నిలబెట్టినది. ఎస్వీజీ ఆ మేలును బొమ్మ లోపలికి తీసుకొని పోతుంది. పటం మీద ఉన్న ఊరి పేరు అందులో యూనికోడు పాఠంగానే ఉండగలదు.

మా జిల్లానే ఉదాహరణగా తీసుకోండి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు పది జిల్లాలు. 2016 అక్టోబరు 11న అవి ముప్పై ఒకటైనవి. పాత కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేరుపడినవి, మా వేములవాడ రాజన్న సిరిసిల్లలోకి వచ్చినది. పాత ఆదిలాబాదు నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వచ్చినవి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి మొత్తం ముప్పై మూడు. చుక్కల బొమ్మగా ఉన్న పటాన్ని ప్రతిసారీ మొదటి నుండి గీయాలి. ఎస్వీజీ అయితే ఒక సరిహద్దు గీతను మార్చి, ఒక పేరును దిద్దితే చాలు. తెలుగు తెలిసినవాడు, గీయడం రానివాడు కూడా ఆ పని చేయగలడు. పదిమంది చేతులు పడగలగడమే దాని గొప్పతనం, ఆ పదిమందిలో ఒకని చేయి చెడ్డదైతే ముప్పూ అక్కడిదే.

“సరే, స్క్రిప్టు అనే మాటను వెదికి తీసివేస్తాను” అన్నాడు మా జాలస్థలి కట్టినవాడు. ఇది రెండవ భ్రమ. మన కవులు గర్భకవిత్వం చెప్పినారు. ఒక చంపకమాల కడుపులో ఒక కందం ఒదిగి ఉంటుంది. చంపకమాలగా చదివేవానికి చంపకమాలే వినిపిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ విరవాలో తెలిసినవాడు చదివితే కందం బయటపడుతుంది. ఎస్వీజీలో ఆజ్ఞను దాచడానికి అటువంటి గర్భాలు అనేకం. స్క్రిప్టు అనే మూలకం లేకుండానే, బొమ్మ తెరుచుకోగానే ఇది చేయుము అనే ఆన్‌లోడ్ లక్షణం ఉన్నది. నొక్కినప్పుడు, కదలిక ఆరంభమైనప్పుడు పని చేసే లక్షణాలున్నవి. లంకె చిరునామా స్థానంలోనే ఆజ్ఞ పెట్టవచ్చు. మొదట నిర్దోషంగా ఉన్న లంకెను యానిమేషను ద్వారా తరువాత మార్చవచ్చు. ఫారిన్ ఆబ్జెక్టు అనే మూలకంలో పూర్తి వెబ్ పేజీ పాఠాన్నే దాచవచ్చు. అక్షరాలను సంకేత సంఖ్యలుగా వ్రాసి వెదికేవాని కన్నుగప్పవచ్చు. మీరు ఒక మాటను తీసివేసేసరికి మిగిలిన ముక్కలు కలిసి అదే మాటగా అతుక్కునే ఏర్పాటు కూడా చేయవచ్చు.

కనుక చెడ్డవాటి పట్టిక వేసి తొలగించడం కుదరదు. మంచివాటి పట్టిక వేసి వాటిని మాత్రమే ఉంచడం మార్గం. ఛందస్సు మనకు నేర్పినది ఇదే. కందంలో రాకూడని గణాల పట్టిక ఎవరూ కంఠస్థం చేయరు. గగ, భ, జ, స, నల అనే అయిదు గణాలు తెలిస్తే చాలు. మరేది వచ్చినా అది కందం కాదు. అట్లే గీత, వృత్తం, బహుభుజి, రంగు, పాఠం వంటి కొన్ని మూలకాలను, వాటికి తగిన లక్షణాలను అంగీకరించి, తెలియనిదానిని తెలియనందుకే త్రోసిపుచ్చాలి. ఈ పనిని ఎవరికి వారు మొదటి నుండి వ్రాసుకోవద్దు. 2011 నాటి ఆ పత్రం వ్రాసినవారిలో ఒకరైన మారియో హైడెరిష్ నెలకొల్పిన క్యూర్53 సంస్థ డోమ్‌ప్యూరిఫై అనే పనిముట్టును ఉచితంగా ఇచ్చినది. అది కూడా కొన్నిసార్లు దెబ్బ తిని సరిదిద్దుకున్నదే గనుక ఎల్లప్పుడూ తాజా ప్రతినే వాడాలి.

వడపోత ఒక్కదాని మీదనే భారం మోపరాదని రౌండ్‌క్యూబ్ ఉదంతం చెబుతున్నది. ఈ విషయంలో మనకు అందుబాటులో ఉన్న ఉత్తమ ఉదాహరణ 2003 డిసెంబరులో ఆరంభమైన మన తెలుగు వికీపీడియాయే. ఎవరైనా ఎక్కించవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అనే సూత్రం మీద నడిచే చోట ఎస్వీజీ పటాలు అంతటా కనబడతవి. అక్కడ మూడు గోడలున్నవి. స్క్రిప్టు కలిగిన ఎస్వీజీని ఎక్కింపు సమయంలోనే త్రిప్పి పంపుతారు. వ్యాసంలో చూపేటప్పుడు సర్వరు మీదనే దానిని పీఎన్జీ అనే చుక్కల బొమ్మగా మార్చి పాఠకునికి ఇస్తారు. ఏ ఆజ్ఞా చుక్కలలోకి రాలేదు. అసలు ఫైలును కూడా వికీపీడియా చిరునామా మీద ఉంచరు. ఎక్కింపులకు వేరే చిరునామా ఉన్నది. ఏదైనా దాటివచ్చి అక్కడ నడిచినా దానికి తెలుగు వికీపీడియాలోని మీ పీఠం అందదు. ఇంత జాగ్రత్త వహించి కూడా ఒకే పటంలోని పేర్లను పలు భాషలలో వ్రాసుకునే సౌకర్యాన్ని వారు నిలబెట్టినారు. భద్రత పేరిట భాషను బలి ఇవ్వనక్కర లేదనడానికి ఇంతకంటె నిదర్శనం నాకు కనబడదు.

చిన్న జాలస్థలులకు అంత ఏర్పాటు ఎక్కడిది అంటారా? ఇందులో చాలా భాగానికి ధనం అక్కర లేదు. ఎస్వీజీ అవసరం లేకపోతే అంగీకరించకండి. అవసరమైతే పైన చెప్పిన తీరున వడపోయండి. పేజీలో ఇమేజి ట్యాగు ద్వారానే చూపండి. నేరుగా చిరునామాతో తెరువబోతే గీసి చూపకుండా దిగుమతి ఫైలుగా ఇచ్చేటట్లు, ఇందులోని ఏ స్క్రిప్టునూ నడుపవద్దని విహారిణికి తెలిపేటట్లు సర్వరు శీర్షికలలో రెండు పంక్తులు చేర్చండి. వీలైతే ఎక్కింపులను వేరే డొమైను మీద ఉంచండి. ఫైలు పేరు చివర ఉన్న మూడక్షరాలను చూసి నమ్మకండి. నా వంటి పరిశీలకునికి అసలు ఫైలును ఇవ్వక, పీఎన్జీగా మార్చిన ప్రతిని చూపండి.

ఈ జాబితా అంతటిలో చదువరి చేయవలసినది ఏదీ లేదని గమనించండి. నా అభిప్రాయంలో ముఖ్యమైన మాట ఇదే. ఏదైనా జరిగినప్పుడు “తెలియని లంకెలు నొక్కవద్దన్నాము కదా” అని వాడుకరి మీదికి నెట్టడం మనకు అలవాటైనది. తెలియని బయటి లంకెల విషయంలో ఆ హితవు చెల్లుతుంది. కాని నేను నొక్కినది నా విద్యార్థి కట్టిన ఇంటిలోని లంకె. నొక్కి చూడటమే నాకు అప్పగించిన పని. అరవై దాటిన ఉపాధ్యాయుడు, ఊళ్లో గ్రంథాలయం చూసుకునే గుమస్తా, తమ బడి పత్రిక కొరకు బొమ్మలు ఏరుకునే పిల్లలు ఎస్వీజీ కడుపు కోసి చూడలేరు. వారిని అట్లా చూడమనడం న్యాయం కూడా కాదు. బయటివారి వస్తువులను లోపలికి ఆహ్వానించినవాడు వాటిని పరీక్షించాలి. ఆ భారం ఇల్లు కట్టినవానిదే.

మా జాలస్థలి ఒక వారం మూతపడి మళ్లీ తెరుచుకున్నది. ఇప్పుడు నాకు బొమ్మలు పీఎన్జీ ప్రతులుగానే వస్తున్నవి, ఎక్కింపులు వేరే చిరునామా మీదికి మారినవి. ఆ తామరపువ్వును తుడిచివేయవద్దని నేనే చెప్పినాను. అందులోని ఆజ్ఞను తీసివేసి, దాని రేకులను శిష్యులిద్దరూ కలసి మళ్లీ దిద్దినారు. అది ఇప్పుడు వ్రాతపత్రికల విభాగం ముఖపుటలో ఉన్నది. ఎస్వీజీగానే.